సొంత ఎంక్యూటీటీ బ్రోకర్‌కి మోడల్ ఆధారిత టెస్టింగ్: ఏ మోడల్, ఏ టూల్?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: మీ టీమ్ సొంతంగా ఎంక్యూటీటీ బ్రోకర్ (డివైజ్‌ల మధ్య మెసేజ్‌లు అందించే సర్వర్) రాస్తోంది, మామూలు టెస్టులు బోలెడు ఉన్నాయి, అన్నీ పాస్ అవుతున్నాయి, అయినా ఫీల్డ్‌లో డివైజ్ కనెక్షన్ తెగి మళ్లీ కలిసినప్పుడు కొన్ని మెసేజ్‌లు రెండుసార్లు వస్తున్నాయి, కొన్ని అసలు రావడం లేదు. అందుకని మోడల్ ఆధారిత టెస్టింగ్ వైపు చూస్తున్నారు, అంటే సిస్టమ్ ఎలా నడవాలో ఒక నమూనా రాసి దాన్నుంచే టెస్టులు పుట్టించడం. గ్రాఫ్‌వాకరా, టీఎల్‌ఏ ప్లస్సా, స్పెక్ ఎక్స్‌ప్లోరరా అన్నది తేలడం లేదు. టీమ్‌లో అందరికీ పైథాన్ వచ్చు, ఫార్మల్ మెథడ్స్ (గణితంతో డిజైన్ సరిచూసే పద్ధతులు) ఎవరికీ రావు.

ముందు జవాబు చెప్పేస్తాను, కారణాలు తర్వాత. పైథాన్‌లోనే హైపోథెసిస్ లైబ్రరీతో వచ్చే స్టేట్‌ఫుల్ టెస్టింగ్‌తో (అడుగుల వరుసలు టూలే పుట్టించి నడిపే పద్ధతి) మొదలుపెట్టండి. మోడల్ కోసం బొమ్మలు గీయక్కర్లేదు, సెషన్‌లు (ఒక్కో క్లయింట్, అంటే కనెక్టయ్యే డివైజ్, గురించి బ్రోకర్ గుర్తుపెట్టుకునేది), సబ్‌స్క్రిప్షన్‌లు, ఇంకా తేలని ప్యాకెట్ ఐడీలు పెట్టుకునే ఒక చిన్న పైథాన్ క్లాస్ చాలు. టెస్టులన్నీ ముందే తయారుచేసి ఫైల్లో పెట్టుకోవద్దు, బ్రోకర్‌తో మాట్లాడుతూనే తర్వాతి అడుగు ఎంచుకునేలా నడపండి. అది నిలదొక్కుకున్నాక ఏఏఎల్‌పై లాంటి ఆటోమాటా లెర్నింగ్ టూల్ (బ్రోకర్‌ని ప్రశ్నించి మోడల్ తనే గీసేది) తోడుగా పెట్టుకోండి. టీఎల్‌ఏ ప్లస్ మంచిదే కానీ మీరు అడిగిన పనికి కాదు. స్పెక్ ఎక్స్‌ప్లోరర్ జోలికి ఇప్పుడు వెళ్లొద్దు.

ఇక ఎందుకో చెప్తాను. టూల్ గురించి ఆలోచించే ముందు ఒక్కటి తేల్చుకోవాలి: మీ ప్రోటోకాల్‌లో అవతలివాడికి ఎంత స్వేచ్ఛ ఉంది? ఒకే ఇన్‌పుట్‌కి సరైన జవాబు ఒక్కటేనా, లేక రెండు మూడు రకాలుగా జవాబిచ్చినా స్పెక్ (ప్రోటోకాల్ నియమాల పత్రం) ఒప్పుకుంటుందా? చాలామంది ఇది చూడకుండా స్టేట్ డయాగ్రామ్ గీసేసి, బాణాల మీద "ఇది పంపితే అది రావాలి" అని రాసి, తర్వాత రోజుకో ఫాల్స్ అలారం చూసి విసిగిపోయి మొత్తం పక్కన పడేస్తారు.

ఎంక్యూటీటీ 3.1.1 వెర్షన్‌నే తీసుకోండి. క్లయింట్ సబ్‌స్క్రైబ్ పంపితే సబాక్ (దానికి బ్రోకర్ ఇచ్చే రసీదు) రావాలి, నిజమే. కానీ సబాక్ రాకముందే ఆ టాపిక్‌కి సంబంధించిన పబ్లిష్ ప్యాకెట్లు పంపడం మొదలుపెట్టే అనుమతి బ్రోకర్‌కి ఉంది. ఒకే క్లయింట్‌కి ఒకదాని మీద ఒకటి పడే రెండు సబ్‌స్క్రిప్షన్‌లు ఉంటే, వాటిలో గరిష్ఠ క్యూఓఎస్‌ని (డెలివరీ హామీ స్థాయి: 0 అంటే హామీ లేదు, 1 కనీసం ఒకసారి, 2 సరిగ్గా ఒకసారి) పాటిస్తూ ఒక కాపీ తప్పక ఇవ్వాలి, అదనపు కాపీలు ఇవ్వొచ్చు, ఇవ్వకపోవచ్చు. క్యూఓఎస్ 0 తో వచ్చిన రిటెయిన్డ్ మెసేజ్‌ని (తర్వాత సబ్‌స్క్రైబ్ చేసేవాళ్ల కోసం దాచేది) బ్రోకర్ ఎప్పుడైనా పారేయొచ్చు. క్లయింట్ వైపు కూడా అంతే, కనాక్ (కనెక్ట్‌కి బ్రోకర్ జవాబు) కోసం ఆగకుండానే మిగతా ప్యాకెట్లు పంపేయొచ్చు, కాకపోతే బ్రోకర్ ఆ కనెక్ట్‌ని తిరస్కరిస్తే దాని వెనక వచ్చినవేవీ ప్రాసెస్ చేయకూడదు. ఇవన్నీ స్పెక్‌లో ఉన్నవే, మూలమూలలా ఉండే విచిత్రాలు కావు.

ఇలాంటి ప్రోటోకాల్‌కి ముందే తయారైన టెస్ట్ సీక్వెన్సులు నప్పవు. గ్రాఫ్‌వాకర్ లాంటిది గ్రాఫ్‌లో దారి ఎంచుకుంటుంది, అన్ని ఎడ్జ్‌లూ (బాణాలు) తిరిగేదాకా నడవమంటే నడుస్తుంది, ఆ పని బాగానే చేస్తుంది. వెబ్ స్క్రీన్లకో, లాగిన్ ఫ్లోకో హాయిగా సరిపోతుంది. ప్రోటోకాల్ దగ్గరికి వచ్చేసరికి ఇబ్బంది ఏమిటంటే తర్వాత ఏ ఎడ్జ్ అన్నది సగంసార్లు మీ చేతిలో ఉండదు, బ్రోకర్ చేతిలో ఉంటుంది. దాని చేత కూడా చేయించొచ్చు, గార్డులూ (షరతులు) యాక్షన్లూ రాయొచ్చు, కానీ సెషన్ డేటా అంతా గార్డుల్లోకి తోసేశాక ఆ బొమ్మ వల్ల ఉపయోగం ఏముంది చెప్పండి. వంద శాతం ఎడ్జ్ కవరేజ్ అని రిపోర్ట్ వస్తుంది, మేనేజర్‌కి చూపించడానికి బాగుంటుంది, మీ డూప్లికేట్ మెసేజ్ బగ్ మాత్రం ప్యాకెట్ ఐడీల్లో దాక్కుని అలాగే ఉంటుంది.

కాబట్టి మోడల్ "ఏం రావాలి" అని ఒకే జవాబు చెప్పకూడదు. నేను ప్రతి క్లయింట్‌కీ మూడు జాబితాలు పెడతాను: తప్పక రావాల్సినవి, వస్తే రావచ్చు అనుకునేవి, రాకూడనివి. మనం ఏదైనా పంపినప్పుడు ఈ జాబితాలు మారతాయి. బ్రోకర్ నుంచి ఏదైనా వచ్చినప్పుడు మొదటి రెండిట్లో వెతికి కొట్టేస్తాం, ఎక్కడా లేకపోతే ఫెయిల్. చివర్లో మొదటి జాబితాలో ఏమైనా మిగిలితే అదీ ఫెయిల్. పుస్తకాల్లో దీన్ని "సాధ్యమైన స్టేట్‌ల సమూహం" అని చెప్తారు, ఒక్కో అబ్జర్వేషన్‌తో ఆ సమూహం తగ్గుతూ, ఖాళీ అయిపోతే తప్పు దొరికినట్టు. దీని వెనక యాన్ ట్రెట్‌మన్స్ 1990ల్లో కట్టిన ఐఓకో అనే సిద్ధాంతం ఉంది, ఆసక్తి ఉంటే చదవండి, చదవకపోయినా పని ఆగదు. సమూహాన్ని యథాతథంగా కోడ్‌లో పెడితే నలుగురు క్లయింట్లకే మెమరీ పేలిపోతుంది, మూడు జాబితాలతో అదే ఫలితం చవగ్గా వస్తుంది.

ఆ సిద్ధాంతంలోంచి ఒక్క మాట మాత్రం తప్పనిసరిగా పట్టుకోవాలి: "ఏమీ రాకపోవడం" కూడా ఒక అవుట్‌పుటే. అయితే ఏమీ రాలేదని ఎంతసేపు చూసి తేల్చాలి? అందరూ రెండు సెకన్ల స్లీప్ పెడతారు. దాంతో టెస్టులు నత్తనడక నడుస్తాయి, లోడ్ ఉన్న మెషీన్ మీద అబద్ధాలు కూడా చెప్తాయి. నేను చేసేది వేరు. స్పెక్ ప్రకారం ఒకే క్లయింట్ ఒకే టాపిక్ మీద ఒకే క్యూఓఎస్‌తో పంపిన మెసేజ్‌లను బ్రోకర్ అదే వరుసలో సబ్‌స్క్రైబర్‌కి పంపాలి. కాబట్టి క్యూఓఎస్ 1, 2 లకి చివర్లో అదే పబ్లిషర్ నుంచి, అదే టాపిక్ మీద, అదే క్యూఓఎస్‌తో ఒక గుర్తు మెసేజ్ పంపండి. ఆ గుర్తు సబ్‌స్క్రైబర్‌కి చేరిందంటే దాని ముందువన్నీ కనీసం ఒక్కసారైనా వచ్చి ఉండాలి, రాకపోతే ఎదురుచూడక్కర్లేదు, అప్పటికప్పుడే ఫెయిల్ చేసేయొచ్చు. పింగ్ పంపి పింగ్ జవాబు వచ్చేదాకా ఆగితే చాలదా అంటారు కొందరు, చాలదు. పింగ్ జవాబు మెసేజ్‌ల వెనకే రావాలని స్పెక్‌లో ఎక్కడా లేదు, చాలా బ్రోకర్లలో అలా జరుగుతుంది అంతే.

హైపోథెసిస్ వైపు మొగ్గడానికి పైథాన్ ఒక్కటే కారణం కాదు. ఫెయిల్ అయినప్పుడు సీక్వెన్స్‌ని అదే కుదిస్తుంది. నలభై అడుగుల లాగ్ చూసి బగ్ పట్టడం ఎంత నరకమో మీకు తెలుసు, అదే ఐదారు అడుగులకి దిగితే డెవలపర్‌తో వాదనే ఉండదు. మామూలుగా ఒక రన్‌లో 50 అడుగులదాకా, మొత్తం 100 ఉదాహరణలు నడుపుతుంది, రెండూ పెంచుకోవచ్చు. కుదించేటప్పుడు అదే సీక్వెన్స్‌ని మళ్లీ మళ్లీ నడుపుతుంది కాబట్టి ప్రతి రన్‌కీ బ్రోకర్ శుభ్రంగా ఉండాలి. ప్రతిసారీ బ్రోకర్‌ని రీస్టార్ట్ చేస్తే తెల్లారిపోతుంది. దానికి బదులు ప్రతి రన్‌కీ కొత్త క్లయింట్ ఐడీలు, కొత్త టాపిక్ ప్రిఫిక్స్ ఇవ్వండి, చాలావరకు సరిపోతుంది. ఒక్కోసారి ఫెయిల్, ఒక్కోసారి పాస్ అయితే టెస్ట్ ఫ్లేకీ అని మొరాయిస్తుంది, తిట్టుకోకండి, నెట్‌వర్క్ కోడ్‌లో అది తరచుగా నిజమైన రేస్ కండిషన్‌కే (పనుల వరుస తారుమారైతే వచ్చే బగ్) ఆనవాలు. మీ బ్రోకర్ ఎర్లాంగ్‌లో రాసుంటే ప్రాపర్, జావాలో అయితే మోడల్‌జేయూనిట్ అని చెప్పేవాణ్ణి. క్విక్‌చెక్ కమర్షియల్ వెర్షన్ అమ్మే క్వివిక్ వాళ్ల పని ఈ రంగంలో చాలా గట్టిది, ఆటోమొబైల్ సాఫ్ట్‌వేర్ స్టాండర్డ్‌లనే దానితో టెస్ట్ చేశారు, కాకపోతే లైసెన్స్ కొనాలి, పైగా ఎర్లాంగ్ నేర్చుకోవాలి.

అడాప్టర్‌కి (మోడల్ అడుగుల్ని అసలు ప్యాకెట్లుగా మార్చి బ్రోకర్‌కి పంపే కోడ్) పాహో లాంటి క్లయింట్ లైబ్రరీ వాడకండి. ఇది నొక్కి చెప్తున్నాను, ఎందుకంటే అందరూ అక్కడే పప్పులో కాలేస్తారు. మంచి క్లయింట్ లైబ్రరీ అంటేనే తప్పుడు ప్యాకెట్ పంపనివ్వదు, అక్‌లు తనే పంపేస్తుంది, తెగితే తనే మళ్లీ కనెక్ట్ అవుతుంది. మీరు టెస్ట్ చేయాలనుకున్నవన్నీ మీకు తెలియకుండానే దాచేస్తుంది. రా సాకెట్ మీద సొంత ఎన్‌కోడర్ రాయండి. 3.1.1 లో ఉన్నవి మొత్తం 14 రకాల కంట్రోల్ ప్యాకెట్లే, హెడర్ కూడా తేలిక, పెద్ద పనేం కాదు. అడాప్టర్‌లో ఇంకో చిన్న ఏర్పాటు చేయండి: ఒకే ప్యాకెట్‌ని రెండు ముక్కలుగా రాయడం, మూడు ప్యాకెట్లని ఒకే రైట్‌లో కలిపి పంపడం. ఒక కస్టమర్ కంపెనీలో మోడల్ రోజుల తరబడి ఏ తప్పూ చూపలేదు, కనెక్ట్, సబ్‌స్క్రైబ్, పబ్లిష్ మూడూ ఒకే రైట్‌లో వెళ్లగానే బ్రోకర్ మొదటిది మాత్రమే చదివి మిగతావి మింగేసింది. ఒక్క రీడ్‌కి ఒక్క ప్యాకెట్ వస్తుందని ఎవరో అనుకుని రాసిన కోడ్ అది. టీసీపీ అలాంటి హామీ ఎప్పుడూ ఇవ్వలేదు.

పనంతా మోడల్‌లో ఉంటుందనుకుంటారు గానీ నా అనుభవంలో టైమ్ ఎక్కువ తినేది ఈ అడాప్టరే. ప్లాన్ వేసేటప్పుడు అది గుర్తుపెట్టుకోండి.

మోడల్ సైజ్ గురించి. ముగ్గురు క్లయింట్లు, రెండు టాపిక్‌లు, మూడు క్యూఓఎస్‌లు, క్లీన్ సెషన్ (పాత సెషన్ మరిచి కొత్తగా మొదలుపెట్టడం) ఉన్నా లేకపోయినా. ఇంతకంటే పెద్దది మొదట్లో వద్దు. సెషన్ బగ్‌లు దాదాపు అన్నీ ఇంతలోనే బయటపడతాయి. ఉదాహరణకి మీరు చెప్పిన డూప్లికేట్ లక్షణం చూస్తే నాకు వెంటనే గుర్తొచ్చింది ఒకటి. క్యూఓఎస్ 2 లో పబ్లిష్ అందుకున్న బ్రోకర్ పబ్‌రెల్ (పంపినవాడి తర్వాతి ప్యాకెట్) వచ్చేదాకా ఆ ప్యాకెట్ ఐడీని గుర్తుపెట్టుకోవాలి, ఈలోపు అదే ఐడీతో పబ్లిష్ మళ్లీ వస్తే రెండోసారి పంచకూడదు. మేం టెస్ట్ చేసిన ఒక బ్రోకర్‌లో ఇది సరిగ్గానే ఉండేది, కనెక్షన్ తెగి మళ్లీ కలిసినా సరిగ్గానే ఉండేది. కానీ పాత కనెక్షన్ తెగకముందే అదే క్లయింట్ ఐడీతో కొత్త కనెక్షన్ వచ్చి పాతదాన్ని తోసేస్తే, ఆ దారిలో మాత్రం ఐడీల పట్టిక తుడిచిపెట్టుకుపోయేది. మొబైల్ నెట్‌వర్క్ మీద డివైజ్‌లకి ఇది రోజూ జరిగేదే, డివైజ్‌కి తెగిందని తెలుసు, బ్రోకర్‌కి ఇంకా తెలియదు. చేత్తో రాసిన టెస్టుల్లో తెగడం, కలవడం వరుసగా జరుగుతాయి, మనిషి బుర్రకి ఆ వరుసే తడుతుంది. మీ బ్రోకర్‌లో ముందు ఇదే చూడండి. దాని తర్వాత ఇంకోటి చూడండి: క్లయింట్ ఇచ్చే ఐడీలు, బ్రోకర్ ఇచ్చే ఐడీలు వేర్వేరు లోకాలు, ఒకే నంబర్ రెండు వైపులా ఒకేసారి వాడుకలో ఉండొచ్చు. రెండిటికీ ఒకే పట్టిక పెట్టిన బ్రోకర్లని చూశాను.

తప్పుడు ఇన్‌పుట్‌లు మోడల్‌లో ఉండాలా అని కూడా అడిగారు. తప్పకుండా ఉండాలి. 2018 లో లిబ్‌ఎస్‌ఎస్‌హెచ్ అనే రిమోట్ లాగిన్ లైబ్రరీలో బయటపడిన లోపం గుర్తుందా? సర్వర్ చెప్పాల్సిన "ఆథెంటికేషన్ అయిపోయింది" అనే మెసేజ్‌ని క్లయింటే పంపితే సర్వర్ నమ్మేసి లోపలికి రానిచ్చేది, పాస్‌వర్డ్ అడగకుండానే. ప్యాకెట్ ఫార్మాట్‌లో తప్పేం లేదు, రాకూడని దిక్కు నుంచి వచ్చింది అంతే. 2014 లో ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అనే ఎన్‌క్రిప్షన్ లైబ్రరీలో చేంజ్ సైఫర్ స్పెక్ మెసేజ్‌ని వేళ కాని వేళలో ఒప్పుకున్న లోపమూ ఇదే బాపతు. కాబట్టి ప్రతి స్టేట్‌లో ప్రతి ప్యాకెట్‌నీ పంపగలగాలి: రెండో కనెక్ట్, ఎవరూ అడగని పబ్‌కాంప్ (క్యూఓఎస్ 2 లో చివరి ప్యాకెట్), క్లయింట్ నుంచి కనాక్. కాకపోతే వీటి పాళ్లు తక్కువ ఉంచండి. తప్పుడు ప్యాకెట్‌కి బ్రోకర్ కనెక్షన్ తెంపేస్తుంది కదా, అవి ఎక్కువైతే ప్రతి రన్ రెండు అడుగుల్లోనే ముగిసిపోతుంది, లోతైన స్టేట్‌ల దాకా ఎప్పటికీ వెళ్లదు. బైట్ స్థాయి చెత్త పంపే పని ఏఎఫ్‌ఎల్‌నెట్ లాంటి ఫజర్‌కి వదిలేయండి. ఫజర్ క్రాష్‌లు పట్టుకుంటుంది, బ్రోకర్ తప్పు జవాబు చెప్తే దానికి తెలియదు.

టైమర్లు వేరుగా పెట్టుకోండి. కీప్ అలైవ్‌కి (క్లయింట్ మౌనంగా ఉండగల సమయం) ఒకటిన్నర రెట్లు సమయంలో క్లయింట్ నుంచి ఏమీ రాకపోతే బ్రోకర్ తెంపేయాలి. ఇది పెద్ద మోడల్‌లో కలిపితే ప్రతి అడుగూ గడియారంతో ముడిపడి గందరగోళం అవుతుంది. బ్రోకర్ మీదే కాబట్టి గడియారాన్ని బయటి నుంచి జరిపే వీలు కోడ్‌లో పెట్టించండి. అది కుదరని బ్లాక్ బాక్స్ డివైజ్ అయితే, మిల్లీసెకన్ల లెక్క నిజంగా ముఖ్యమైతే, అప్పుడు ఉప్పాల్ ట్రాన్ లాంటి టైమ్డ్ ఆటోమాటా టూల్ చూడాలి. మీకు ఆ అవసరం కనిపించడం లేదు.

మిగతా టూల్స్ గురించి త్వరగా. టీఎల్‌ఏ ప్లస్ డిజైన్‌ని తనిఖీ చేస్తుంది, మీ కోడ్‌ని కాదు. మీరు బ్రోకర్ క్లస్టర్ కడుతుంటే, సెషన్‌ని ఒక నోడ్ నుంచి ఇంకో నోడ్‌కి మార్చే పద్ధతి కొత్తగా కనిపెడుతుంటే, కోడ్ రాసే ముందు అందులో రాసి చూడండి, బంగారం లాంటి పని. దాని నుంచి టెస్టులు తీయడం అసాధ్యం కాదు, మాంగోడీబీ వాళ్లు ఒక చిన్న అల్గారిథమ్ మోడల్ నుంచి 4,913 టెస్టులు తయారుచేశారు. కానీ నడుస్తున్న సిస్టమ్ ట్రేస్‌లని మోడల్‌తో పోల్చే ప్రయత్నం అంత సాఫీగా సాగలేదని కూడా వాళ్లే రాశారు. క్విక్ అనే ఇంటర్నెట్ ప్రోటోకాల్‌కి ఐవీ అనే భాషలో స్పెక్ రాసి, దాన్నుంచే టెస్టర్ పుట్టించిన పని 2019 లో వచ్చింది, గొప్పగా ఉంటుంది, నేర్చుకోవడానికి మాత్రం ఓపిక కావాలి. టెలికాం వైపు వాళ్లయితే టీటీసీఎన్-3, ఎరిక్సన్ ఓపెన్ సోర్స్ చేసిన టైటన్ ఉన్నాయి. అది టెస్టులు రాసి నడిపే భాష, మోడల్ విడిగా తెచ్చుకోవాల్సిందే.

స్పెక్ ఎక్స్‌ప్లోరర్ గురించి ఇంకాస్త చెప్పాలి, ఎందుకంటే ప్రోటోకాల్ టెస్టింగ్‌లో మోడల్స్‌ని అంత పెద్ద ఎత్తున వాడిన ఉదాహరణ ఇంకోటి దొరకడం కష్టం. విండోస్ ప్రోటోకాల్ డాక్యుమెంట్లు నిజంగా సర్వర్ చేసేదానితో సరిపోతున్నాయా అని చూడటానికి మైక్రోసాఫ్ట్ దాన్ని వాడింది. ఆ టెస్ట్ సూట్లు రాసిన టీమ్‌లు ఉన్నది బీజింగ్‌లో, మన హైదరాబాద్‌లో. డాక్యుమెంట్‌లోని ప్రతి వాక్యానికీ ఒక నంబర్ ఇచ్చి, ఏ టెస్ట్ ఏ వాక్యాన్ని తడుముతోందో లెక్క ఉంచారు. మామూలు పద్ధతితో పోలిస్తే ఒక్కో రిక్వైర్‌మెంట్‌కి పడే శ్రమ 42 శాతం తగ్గిందని వాళ్లే చెప్పారు. టూల్ విజువల్ స్టూడియో పాత వెర్షన్ల దగ్గరే ఆగిపోయింది కాబట్టి ఇప్పుడు వాడలేరు, కానీ ఆ నంబర్ల పద్ధతి మాత్రం ఉన్నపళంగా తెచ్చేసుకోండి. మీ అదృష్టం, ఎంక్యూటీటీ స్పెక్‌లో నంబర్లు ముందే ఇచ్చారు. రెండో కనెక్ట్ వస్తే తెంపేయాలన్నది 3.1.0-2. మోడల్‌లో ప్రతి చెక్ పక్కన ఆ నంబర్ రాస్తే, ఫెయిల్ అయినప్పుడు డెవలపర్ ముందు ఆ వాక్యమే పెట్టొచ్చు.

లెర్నింగ్ సంగతి. ఏఏఎల్‌పై, జావాలో లెర్న్‌లిబ్. వీటికి మోడల్ మీరివ్వరు, అవే బ్రోకర్‌ని ప్రశ్నలడిగి స్టేట్ మెషీన్ గీసి చూపిస్తాయి. 2015 లో తొమ్మిది టీఎల్‌ఎస్ (వెబ్ ఎన్‌క్రిప్షన్ ప్రోటోకాల్) ఇంప్లిమెంటేషన్ల మీద ఈ పద్ధతి వాడితే మూడింట్లో కొత్త భద్రతా లోపాలు దొరికాయి. 2017 లో ఆస్ట్రియాలోని గ్రాజ్ టెక్నాలజీ యూనివర్సిటీ వాళ్లు ఐదు ఎంక్యూటీటీ బ్రోకర్ల మీదే చేశారు, నేర్చుకున్న మోడల్స్‌ని ఒకదానితో ఒకటి పోల్చి, తేడా వచ్చిన చోట స్పెక్ తెరిచి చూశారు. మీకు ఇది రెండో దశలో పనికొస్తుంది, ముఖ్యంగా రిలీజ్‌కీ రిలీజ్‌కీ మధ్య స్టేట్ మెషీన్ ఎక్కడ మారిందో చూడటానికి. షరతు ఏమిటంటే ఇన్‌పుట్‌లు పదో పన్నెండో మించకూడదు, రీసెట్ వేగంగా ఉండాలి, ఒకే ప్రశ్నకి బ్రోకర్ ఒకే జవాబు చెప్పాలి. మూడోదే కష్టం. పైన చెప్పిన స్వేచ్ఛంతా అడాప్టర్‌లోనే వరుసపెట్టి సర్దేస్తే తప్ప కుదరదు, అలా సర్దినప్పుడు కొన్ని బగ్‌లు కనిపించకుండా పోతాయి కూడా.

ఇక మోడలే తప్పయితే? అవుతుంది, మొదట్లో ఫెయిల్యూర్లలో సగం మోడల్‌వే ఉంటాయి, కంగారుపడకండి. అదే మోడల్‌ని మస్కీటో అనే ఓపెన్ సోర్స్ బ్రోకర్ మీద కూడా నడపండి. రెండిటి మీదా ఒకే చోట ఫెయిల్ అయితే ముందు మీ మోడల్‌ని అనుమానించండి. ఆ తర్వాత మీ బ్రోకర్‌లో కావాలని తప్పులు పెట్టి చూడండి: డూప్లికేట్ చెక్ తీసేయండి, విల్ మెసేజ్ (క్లయింట్ అర్ధాంతరంగా తెగితే దాని తరఫున బ్రోకర్ పంపేది) పంపకుండా ఆపండి, ఖాళీ పేలోడ్‌తో రిటెయిన్డ్ మెసేజ్ చెరిపే కోడ్ కామెంట్ చేయండి. వీటిని మోడల్ పట్టుకోకపోతే అది పచ్చగా ఉందని సంతోషించే పని లేదు.

సీఐలో (కోడ్ మారినప్పుడల్లా టెస్టులు వాటంతటవే నడిచే ఏర్పాటు) ఎలా పెట్టాలన్నది మీ చివరి ప్రశ్న. ప్రతి కమిట్‌కీ తక్కువ ఉదాహరణలతో ఒక చిన్న రన్, రాత్రికి పెద్ద రన్. ఫెయిల్ అయిన ప్రతి సీక్వెన్స్‌నీ కుదించిన రూపంలో మామూలు టెస్ట్‌గా రాసి రెపోలో పెట్టేయండి, హైపోథెసిస్ డేటాబేస్ మీద ఆధారపడొద్దు, అది ఆ మెషీన్‌లోనే ఉండిపోతుంది.

మీది 3.1.1 ఆ, 5.0 ఆ అన్నది రాయలేదు. ఆ తేడా చిన్నది కాదు. 5.0 లో కనెక్షన్ బతికుండగా మెసేజ్ మళ్లీ పంపడమే నిషేధం, తెగి కలిశాకే పంపాలి, కాబట్టి మూడో జాబితాలోకి కొత్తవి చేరతాయి. సెషన్‌కి గడువు, రిసీవ్ మాగ్జిమమ్ అనే పరిమితి (ఒకేసారి తేలకుండా ఉండగల మెసేజ్‌ల సంఖ్య) కూడా మోడల్‌లోకి రావాలి. వెర్షన్ ఏదో, బ్రోకర్ ఒక్క నోడ్ మీదా క్లస్టరా అన్నదీ చెప్తే, ఆ సెషన్ తోసేసే కేసుకి మోడల్ రూల్స్ ఎలా రాస్తానో పెడతాను.